గొడుగక్క ఖాతా మూసిన రోజు

పొద్దున్నే ఆఫీసు తలుపు తీశాక ఆమె చేసే మొదటి పని తిట్లు ఊడ్వడం. చీపురుతో కాదు, చూపుడు వేలితో. రాత్రంతా సంస్థ ఖాతా కింద రాలిపడిన మాటల్ని ఒక్కొక్కటే చదివి, ఒక్కొక్కటే చెరిపి, అప్పుడు కిటికీ తెరిచేది. అవతల తడిసిన ఇటుక గోడ, గోడ మీద నాచు, నాచు మీద పలచటి వెలుతురు. అది చూశాక గానీ ఆమెకు తెల్లవారినట్టు ఉండేది కాదు.

అది పుట్టగొడుగుల పరిశోధన సంస్థ. పాతకాలపు రెండంతస్తుల భవనం. కింద ఆఫీసు, పైన ప్రయోగశాల. మెట్లెక్కుతుంటే వాన పడని రోజున కూడా తడిమట్టి వాసన వేసేది. పైగదిలో నల్లకాగితాల మీద పుట్టగొడుగుల టోపీలు బోర్లించి, వాటి మీద గాజుగిన్నెలు మూసి ఉంచేవాళ్లు. మర్నాటికి టోపీ కింద సన్నటి పొడి రాలి, గీతలు గీతలుగా, నిద్రలో ఎవరో వేసిన పువ్వు బొమ్మలా కాగితం మీద మిగిలేది. ఆ బొమ్మలంటే ఆమెకు ఇష్టం. వాటి పేర్లు మాత్రం నోరు తిరిగేవి కావు. నేర్చుకోవాలని అనుకోనూ లేదు. ఎవరు ఏం అడుగుతున్నారో వినడం, ఆ మాటను పైకి మోసుకెళ్లడం, అదే తన పని అనుకునేది.

ఆమె ఆ ఉద్యోగంలో చేరింది కవర్లు అంటించడానికి. సంస్థ పత్రికను సభ్యులకు పోస్టు చేయాలి. కొన్నాళ్లకు పత్రిక కంప్యూటర్లోకి వెళ్లిపోయింది. అంటించడానికి కవర్లు మిగల్లేదు. ఆమెకు ఏ పని ఇవ్వాలో తోచక అప్పటి అధ్యక్షుడు, "అందరూ అదేదో సోషల్ మీడియా వేదిక మీద ఉంటున్నారట. మనమూ ఒక ఖాతా తెరుద్దాం, నువ్వు చూసుకోమ్మా" అన్నాడు. తెరిచింది. ఉపన్యాసాల తేదీలు పెట్టేది. ఖాళీ హాల్లో మైకు పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది.

ఒక వానాకాలం పొద్దున ఎవరో పళ్లెం ఫోటో పెట్టి, "ఇవి తినొచ్చా?" అని అడిగారు. ఆమె ఫోను పట్టుకుని మెట్లెక్కింది. పైన పనిచేసే శాస్త్రవేత్త అప్పుడే కొత్తగా చేరింది. ఎప్పుడు చూసినా కన్ను గాజుకే ఆనించి ఉంటుంది కాబట్టి అందరూ మైక్రోస్కోపు మేడం అనేవారు. మేడం ఫోటో చూస్తూనే లేచి నిలబడింది.

"ముందు వద్దని చెప్పక్కా. ఎందుకో తర్వాత చెబుతా."

ఆమె "వద్దు" అని రాసింది.  తర్వాత ఖాళీ పళ్లెం ఫోటో వచ్చింది. పారేశారన్నమాట. ఇల్లు చేరేదాకా బస్సులో ఆ ఖాళీ పళ్లేన్నే తీసి చూసుకుంటూ కూర్చుంది.

ఇక వాన పడితే చాలు, ఫోటోలే ఫోటోలు. తోటమాలులు, రోడ్డు పనివాళ్లు, పిల్లల్ని బడికి దింపి వస్తూ గట్టు పక్కన ఆగిన తల్లులు, హాస్టళ్లలో వండేవాళ్లు. సంస్థ పేరు చాంతాడంత ఉండటంతో దాన్ని ఎవరూ పలికేవాళ్లు కాదు. గొడుగక్కా అని పిలిచేవాళ్లు. "గొడుగక్కా, ఇది మంచిదేనా?" "గొడుగక్కా, నిన్నటిది తిన్నాం, బతికే ఉన్నాం." అందరూ చేసే తప్పు ఒక్కటే. కాడను కత్తితో శుభ్రంగా కోసి తెచ్చేవాళ్లు. మంచిదో కాదో చెప్పే గుర్తు మట్టిలో ఉండిపోయేది. "మొదలు కావాలి, తవ్వి తీయండి" అని రాసీ రాసీ ఆమె వేళ్లకు ఆ మాట అలవాటైపోయింది. ప్రతి జవాబు కిందా ఇంకో మాట చేర్చేది: "ఈ ఖాతా చెబితేనే నమ్మండి. ముక్కూమొహం తెలియనివాళ్లు చెబితే పొయ్యి మీద పెట్టకండి."

తర్వాత వేదిక చేతులు మారింది. కొత్త యజమాని వచ్చీ రాగానే తప్పుడు మాటల్ని పట్టుకుని తీసేసే సిబ్బందిని ఇళ్లకు పంపించేశాడు. ఎవరేం అన్నా చెల్లుతుంది, ఎంత గట్టిగా అరిస్తే అంత దూరం వినపడుతుంది. ఆ వానల్లోనే ఒకడు వెండి చెంచా చిట్కా మొదలుపెట్టాడు. కూరలో వెండి చెంచా వేసి చూడాలట. నల్లబడకపోతే నిక్షేపంగా తినొచ్చట. లక్షలమంది చూశారు. మైక్రోస్కోపు మేడం తన సొంత పేరుతో, అది అబద్ధం, చెంచాకు విషం తెలియదు అని రాసింది. అంతే. మేడం ఇంటి గేటు ఫోటో పెట్టారు. గేటుకు ఆనించి పిల్లల సైకిలు. కింద నానా మాటలు. ఫిర్యాదు చేస్తే వేదిక నుంచి జవాబొచ్చింది: మా ప్రమాణాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు.

"కనిపించలేదట" అంది మేడం. కంటికి కనిపించనివాటిని రోజంతా చూస్తూ కూర్చునే మనిషి. "ఇక ఆ యాప్ నా ముందు తెరవకక్కా. దాని రంగు కూడా నేను చూడలేను."

అప్పట్నుంచి ఆమె మాటలన్నీ కత్తిరించి బొమ్మ ఒక్కటే పైకి తీసుకెళ్లేది. మాటలు కిందే, ఆమె దగ్గరే ఉండిపోయేవి.

సాయంత్రం ఇంటికెళ్తే అత్తగారు మొహం చూసి పసిగట్టేసేది.

"ఏంటలా ఉన్నావు? ఎవరేమన్నారు?"

"ఎవరెవరో అన్నారత్తయ్యా. ఎవరో తెలిస్తేగా!"

"తెలీనివాళ్ల చేత తిట్టించుకోవడానికి జీతం ఇస్తున్నారా నీకు? ఇంట్లో నేనుండగా అంత దూరం బస్సెక్కి వెళ్లడం దేనికి?"

"నువ్వు జీతం ఇవ్వవుగా అమ్మా" అన్నాడు ఆమె భర్త, తను పనిచేసే కళ్లద్దాల దుకాణం నుంచి తెచ్చుకున్న అద్దాలు తుడుచుకుంటూ.

అత్తగారు నవ్వి, వెంటనే నవ్వు మానేసింది. "మానెయ్ అమ్మాయ్ ఆ పని. ఎవరి తిండి వాళ్లు చూసుకోలేరా?"

 ఆమెకూ మానేద్దామనే ఉంది. మానేస్తే, కోసిన కాడలతో అడిగేవాళ్లు వెండి చెంచా దగ్గరికే పోతారని భయంగానూ ఉంది. 

అందుకే, విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలూ శాస్త్ర సంఘాలూ అన్నీ కలిసి వేదికను వదిలేస్తున్నాయని తెలిసినప్పుడు అందరికంటే ముందు ఆమెకే ప్రాణం లేచొచ్చింది. ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే ప్రకటన పెట్టి ఖాతాలన్నిటికీ తాళం వేయాలి. మళ్లీ తెరవకూడదు. దీనికోసం కాళ్లరిగేలా తిరిగింది ఇప్పటి అధ్యక్షుడు. రిటైరైన ప్రొఫెసరు. పక్కవాళ్ల వాక్యంలో ఒక కామా పెట్టందే ఆయనకు ముద్ద దిగదు కాబట్టి వెనకాల అందరూ కామాగారు అంటారు. మేడం ఇంటి గేటు ఫోటో చూసిన రోజు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది ఆమె కళ్లారా చూసింది. అందుకే ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు.

సమావేశాలు మొదలయ్యాయి. "మా విలువలు" అనాలా, "మన విలువలు" అనాలా అన్నదాని మీద ఒక మధ్యాహ్నమంతా గడిచిపోయింది. ఆమె చివరి కుర్చీలోంచి చెయ్యెత్తింది.

"సార్, ఫోటోలు పెట్టేవాళ్లు ఇక ఎక్కడికి రావాలి?"

"వెబ్‌సైటు ఉంది కదమ్మా."

"అందులో ప్రశ్న అడగాలంటే ముందు వాళ్లది ఏ విద్యాసంస్థో రాయాలి సార్. రాయకపోతే ముందుకెళ్లదు."

"అలాగా!" కామాగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మార్పిద్దాం. వచ్చే సమావేశంలో గుర్తు చేయండి."

గుర్తు చేసింది. ఆ సమావేశం సంస్థల పేర్లను అక్షరక్రమంలో పెట్టాలా, పుట్టిన సంవత్సరం ప్రకారం పెట్టాలా అన్నదానికి సరిపోయింది. ఆమె ఊరుకోలేదు. వారం రోజులు ఖాతాలోనే, "మేం వెళ్లిపోతున్నాం, ఫోటోలు మెయిలుకు పంపండి" అని పెడుతూ వచ్చింది. తనను వదిలి వెళ్లే మాటలను ఆ వేదిక ఎవరికీ చూపించదు. ఒక్కరూ పలకలేదు. కనీసం చివరి ప్రకటనలోనైనా ఆ ఒక్క వాక్యం ఉండాలని కామాగారి టేబులు దగ్గర నిలబడి మరీ ఒప్పించింది.

ముందురోజు సాయంత్రం ఖరారైన ప్రకటన వచ్చింది. ఆ వాక్యం లేదు.

"ఏ సంస్థా పేరు కుదించుకోనందమ్మా. పొట్టిపేరు రాస్తే అవమానం అన్నారు. ఉన్న జాగాలో పూర్తి పేర్లన్నీ పట్టాలంటే ఏదో ఒకటి తీయాలి కదా."

"మనదే తీశారా సార్?"

"అది..." కామాగారు నీళ్లు నమిలాడు. "అది విలువలకు సంబంధించిన వాక్యం కాదు కదా."

మర్నాడు మధ్యాహ్నం, బయట సన్నగా జల్లు పడుతుండగా ఆమె వేలితో ఆ మీట నొక్కింది. ప్రకటన వెళ్లింది. ఖాతాకు తాళం పడింది. ప్రకటన కింద జనం రాసుకునే చోటు మాత్రం తెరిచే ఉంచారు. ఎదుటివాళ్ల నోరు మూసి వెళ్లిపోవడం మన విలువ కాదని కమిటీ తీర్మానించింది. వాళ్లు మాట్లాడొచ్చు, మనం పలకకూడదు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. సంస్థలన్నీ ఒకేసారి పెట్టడంతో వేదికకు దాచడం కుదరలేదు; ఇన్నేళ్లలో ఆ ఖాతా పెట్టిన ఏ మాటా అంతమంది చూడలేదు. అందులో ఎక్కడికి రావాలో లేదు.

టీ కప్పులు ఇంకా ఎండకముందే ప్రకటన కింద ఒక ఫోటో ప్రత్యక్షమైంది. పెద్ద గంప నిండా పుట్టగొడుగులు, లేత గోధుమరంగు టోపీలు, వాన చుక్కలతో మెరుస్తూ. కాడలన్నీ శుభ్రంగా కోసి ఉన్నాయి.

"గొడుగక్కా, సాయంత్రం హాస్టల్లో అందరికీ వండుదామనుకుంటున్నా. తినొచ్చా?"

రాసిందెవరో ఆమెకు తెలుసు. పనివాళ్ల హాస్టల్లో వంట చేసే ఆవిడ. ప్రతి వానకీ అడుగుతుంది. క్యాంటీన్ వదిన అని ఆమె పెట్టుకున్న పేరు. ఏ హాస్టలో, ఏ వీధో తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆమె తన సొంత ఖాతా తెరిచి జవాబు రాసింది. "వదినా, మొదలు కనపడటం లేదు. తవ్వి తీసి ఫోటో పెట్టండి. అప్పటిదాకా వండకండి."

"మీరెవరండీ మధ్యలో?"

"నేనే, గొడుగక్కని. ఇది నా సొంత ఖాతా."

"నేనూ గొడుగక్కనే, మా ఆయన గొడుగు బావ. నీలాంటోళ్లని చాలామందిని చూశాం తల్లీ. ఆవిడ ఖాతా నుంచి చెబితేనే వినమని ఆవిడే మాకు నేర్పింది."

ఆమెకు నవ్వు రాలేదు. కింద ఒకడు అప్పుడే వెండి చెంచా బొమ్మ పెట్టాడు. దానికి వదిన, "నీ చెంచా నువ్వే నాక్కో" అని రాసింది. కొంచెంసేపాగి ఇంకో మాట రాసింది. "వద్దనేదుంటే అక్క ఈపాటికే అనేది. పలకలేదంటే బాగున్నట్టే. పొయ్యి వెలిగిస్తున్నా."

ఆమె కుర్చీలోంచి లేచింది. ఫోను పట్టుకుని కామాగారి గదిలోకి దూసుకెళ్లింది. ఆయన ఎవరో విలేఖరితో మాట్లాడుతూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆగలేదు.

"ఒక్క జవాబు సార్. ఖాతా తెరిచి ఒక్క జవాబు పెట్టి మూసేస్తా."

ఆయన ఫోను మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఇన్ని సంస్థలు కలిసి మాటిచ్చాం. గంట కూడా కాలేదు. మిగతావాళ్లకి ఏం చెప్పను?"

"హాస్టల్ మొత్తానికి వండుతోంది సార్."

"మెయిలు చేయమనండి."

"ఎలా అనమంటారు? నోరు కట్టేసుకుని కూర్చున్నాం కదా!"

"సభ్యుల అభిప్రాయం తీసుకుని సాయంత్రంలోపు..."

"సాయంత్రం వాళ్లు తినేస్తారు సార్!"

ఆమె గొంతు అంత పైకి లేవడం ఆ భవనంలో అంతకుముందు ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. సగం మెట్లలో కాళ్లు ఆగిపోయాయి. పైనున్న మనిషి కోసమే కదా ఈ ఖాతా మూసింది. మేడం దగ్గరికే మళ్లీ దీన్ని తెరిచి పట్టుకెళ్లడం ఏమిటి? కానీ గంపలోవి ఏమిటో చెప్పగలిగింది మేడం ఒక్కతే.

మేడం గాజుకు కన్ను ఆనించి కూర్చుని ఉంది. ఆమె చెప్పింది విన్నాక కూడా తల ఎత్తలేదు. కిటికీ మీద వాన చిన్నచిన్న కాళ్లతో నడిచింది. చివరికి మేడం చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు."

"మాటలు కత్తిరించి తెస్తా మేడం."

"అంత తీరికెక్కడిది? ఇవ్వక్కా."

మేడం తెర మీద పైనుంచి కిందికి వేలు జరిపింది. తన గురించి రాసినవి కూడా అందులో ఉన్నాయి. పెదవి బిగించి గంప దగ్గర ఆగింది. "టోపీ చూస్తే రెండు రకాల్లో ఏదైనా కావొచ్చు. ఒకటి కూర, ఒకటి చావు. మొదలు చూడాలి. ఖాతా తెరువు. కామాగారు అడిగితే నేను చెప్పానని చెప్పు."

ఆమె తాళం తీసింది. "పొయ్యి ఆర్పండి వదినా. అవి కోసిన చోటే తవ్వి తీసింది ఒకటి చూపించండి." పెట్టేసింది.

"వచ్చావా అక్కా! ఉండు, వెళ్లి తెస్తా. వాన పడుతోంది."

ఇద్దరూ ఆ చిన్న తెర మీదికి వంగి కూర్చున్నారు. ఈలోగా ఆ ఒక్క వాక్యానికి ఎవరో ఫోటో తీసి ప్రపంచమంతా పంచేశారు. విలువలు కడుపులో అరగకముందే తిరిగొచ్చారు అని ఒకడు. టీ చల్లారలేదింకా అని ఇంకొకడు. కింద కామాగారి ఫోను మోగుతూనే ఉంది, ఒకదాని తర్వాత ఒకటి, సంస్థల పూర్తి పేర్లతో.

ఫోటో వచ్చింది. బురద చేతిలో పుట్టగొడుగు, మొదలంటా. మేడం దాన్ని పెద్దది చేసి చూసింది, పక్కకు తిప్పి చూసింది.

"తినొచ్చు. విషపు రకానికి మొదట్లో ఉండే సంచీ లేదు, ఉబ్బు లేదు. మంచి రకం. బాగా ఉడికించమను."

ఆమె రాసింది. వదిన జవాబిచ్చింది.

"అంతేగా! దీనికింత సేపా? పొయ్యి కాస్తా చల్లారిపోయింది."

ఆమెకు ఏడవాలో ఫోను విసిరికొట్టాలో తెలియలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కామాగారు ఆయాసపడుతూ పైకొచ్చాడు.

"తినేదేనటగా! తినే పుట్టగొడుగు కోసం మా అందరి మాటా..." ఆయన మొహం ఎర్రబడింది. "ఇద్దరు వైస్ ఛాన్సలర్లు నన్ను అనరాని మాటలు అన్నారు. తెలుసా మీకు?"

"తినేదో కాదో అడగకుండా ఎలా తెలుస్తుంది సార్? విషమైతే తెరవచ్చు, మంచిదైతే తెరవకూడదా? ముందే ఎవరొచ్చి చెబుతారు నాకు?" ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది. "ఆ తిట్లన్నీ ఇన్నాళ్లూ చదివింది నేను. వెళ్లిపోదామంటే మీకన్నా నాకే సంతోషం. అడిగేవాళ్లకి దారి చూపించి వెళ్దామన్నా, అంతేగా! ఒక్క వాక్యం సార్. ఒక్క వాక్యం పట్టలేదు మీకు."



"నంబరు పెడదాం సార్" అంది మేడం. "కింద అక్క టేబులు మీది ఫోను. మెయిలు వాళ్లకు చేతకాదు."

"ఫోన్లో చెప్పింది విని ఎవరికైనా ఏదైనా అయితే? చట్టప్రకారం..."

"మా గేటు ఫోటో పెట్టినప్పుడు చట్టం ఎవరూ అడగలేదు సార్. అప్పుడు మీరే ఏదో ఒకటి చేద్దామన్నారు. ఇప్పుడు చేద్దాం."

ఆయన ఖాళీగా ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. పక్కనే గాజుగిన్నెల కింద టోపీలు తమ పొడిని నెమ్మదిగా కాగితాల మీద రాలుస్తున్నాయి. ఆయన వాటికేసి చూశాడు. ముసలివాడని ఆమెకు మొదటిసారి అనిపించింది.

"పెట్టండి" అన్నాడు చివరికి. "పెట్టి మూసేయండి. ఈసారి నిజంగా."

నంబరు పెట్టి తాళం వేసింది. ఇక ఆ ఖాతా ఆమెది కాదు. తేలికగా ఉంటుందనుకుంది. ఉండలేదు.

కిందికి దిగేసరికి టేబులు మీది ఫోను మోగుతోంది. ఎత్తింది. అవతలివాడు ఊపిరి తీసుకోకుండా తిట్టడం మొదలుపెట్టాడు. వెనకే వచ్చిన మేడం రిసీవరుకు చెవి ఆనించి విని, పెట్టేసింది.

"ఫోను బిల్లు కట్టుకుని మరీ తిడుతున్నాడు పాపం. పనిలో శ్రద్ధ ఉంది" అంది. చాలాకాలానికి మేడం నవ్వింది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి పెద్దాయన గొంతు.

"గొడుగక్కేనా అమ్మా? మా పెరట్లో మొలిచాయి. మంచివేనా?"

"ఏ రంగులో ఉన్నాయండీ?"

"తెల్లగా."

"ఎలాంటి తెలుపు?"

"తెలుపంటే తెలుపేనమ్మా. గోడ లాగా."

"మీ గోడ నాకు కనపడదు కదండీ! టోపీ కింద గీతలు ఏ రంగు?"

"టోపీ ఏంటమ్మా?"

ఆమె మేడం వైపు చూసింది. మేడం తల అడ్డంగా ఊపింది. చూడనిదాన్ని మంచిదనలేం. ఫోన్లో అడిగిన ప్రతిదానికీ ఒకటే జవాబు.

"వద్దండీ. తినకండి."

"అన్నిటికీ వద్దనడానికి ఫోనెందుకమ్మా? మా ఆవిడ ఉచితంగా అంటుంది ఆ మాట."

అదీ నిజమే. ఇన్నేళ్లు ఫోటోలు చూసిన కన్ను పోయి చెవి ఒక్కటే మిగిలింది. ఎవరి మీద పడాలో తెలియని చిరాకు ఆమె నుదుటి మీద సన్నగా కొట్టుకుంది.

"ఇక్కడికి తీసుకురాగలరా? మేడం కళ్లతో చూసి చెబుతారు."

"రెండు బస్సులు మారాలి. రేపు మీకు సెలవేమో కదా?"

"సెలవే" అంది. కోపం ఇంకా తగ్గలేదు ఆమెకు. వేదిక మీద, కామాగారి మీద, ఆ చాంతాడంత పేర్ల మీద. ఆ కోపంతోనే కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. "నేనొచ్చి ఆఫీసు తెరుస్తాలెండి. మేడంని కూడా రమ్మంటా. మీరు మాత్రం ఆలస్యం చేయకండి, వాడిపోతే ఏమీ తెలియదు."